మబేలాలో ఏకాహం

ఒమన్ మీద నాకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. ఎండ ఉంటుందని ముందే చెప్పారు, ఉంది. జీతం ఆలస్యమవుతుందని ఎవరూ చెప్పలేదు గానీ, నేనే ఊహించుకున్నాను. నా బాధల్లా చెప్పులతో.

మబేలాలో మేముండే వీధి చివర ఒక సూపర్ మార్కెట్ ఉంది. చుట్టుపక్కల క్యాంపుల్లో ఉండే మనవాళ్ళందరూ చెప్పులు అక్కడే కొంటారు. ఆ కొట్టువాడు ఏనాడో ఒక కంటైనర్ నిండా నీలం పట్టీల నల్ల రబ్బరు చెప్పులు దింపుకున్నట్టున్నాడు. అవి అయిపోతే గాని ఇంకోరకం తెప్పించడు. అవేమో అయిపోవు. శుక్రవారం పొద్దున మా ఇంట్లో భజన. భజనయ్యాక చూస్తే గుమ్మం బయట అచ్చుగుద్దినట్టు అన్నీ ఒకేరకం చెప్పులు. దేవుడి ముందు అందరూ సమానమంటారు గానీ, అది గుమ్మం బయటే మొదలవుతుందని ఎవరూ హెచ్చరించరు. రెండూ ఎడమకాలివే వేసుకుని కారుదాకా వెళ్ళిన రోజులు నాకున్నాయి.

"మీ ఇల్లే కదండీ, మీ చెప్పులు లోపల పెట్టుకోవచ్చుగా?" అంటుంది మా ఆవిడ. ఆవిడది గోదావరి. పరిష్కారాలు చెప్పడంలో దిట్ట. పరిష్కారం దొరికితే ఫిర్యాదు పోతుందన్న సంగతి ఆవిడకు పట్టదు.

నేనొక పైపుల కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్ని. ప్రమాదాలు జరగకుండా చూడటం నా ఉద్యోగం. జరిగితే నన్ను తిడతారు, జరగకపోతే నేనెందుకున్నానని అడుగుతారు. దేవుడి పరిస్థితీ ఇంచుమించు ఇదే కాబట్టి, ఆయన మీద నాకు మొదట్నుంచీ ఒక తోటి ఉద్యోగి సానుభూతి ఉంది. భక్తి అనేంతటిది కాదు. భజన మా ఇంట్లో ఎందుకు జరుగుతుందంటే మా హాలు పెద్దది, మా ఆవిడ మనసు అంతకంటే పెద్దది. నా పాత్ర వెనక గోడకి ఆనుకుని కూర్చోవడం, ఏసీ తగ్గించడం, పెంచడం.

భజన నడిపేది జగిత్యాల వైపు పెద్దమనిషి. ఆయన వేరే కంపెనీలో షట్టరింగ్ మేస్త్రీ. కాంక్రీటు పోసే ముందు చెక్కలతో అచ్చు కట్టే పని. మస్కట్‌లో ఎన్ని గోడలు ఆయన కొట్టిన చెక్కల మధ్య నిలబడ్డం నేర్చుకున్నాయో లెక్కలేదు. మనిషి బక్కపలచన. గొంతు మాత్రం రూమ్ అవతల ఉన్నవాణ్ణి కూడా లేపుతుంది. ఊరినుంచి తెచ్చుకున్న ఇత్తడి తాళాలు ఆయనవి. ఎర్రదారంతో కట్టి, తువ్వాల్లో చుట్టి, పాస్‌పోర్ట్ కంటే భద్రంగా దాచుకుంటాడు. మిగతావాళ్ళంతా ఆయన్ని పెద్దయ్యా అంటారు.

మా భజనకు ఒక తెల్లామె కూడా వచ్చేది. ఆమెను మా ఇంటికి తెచ్చింది మా ఆవిడే. హమ్రియాలో పూజసామాన్లు అమ్మే కొట్లో దీపం వత్తుల ప్యాకెట్ ఒక్కటే మిగిలిందట. దాని మీద ఇటునుంచి ఈవిడ చెయ్యి, అటునుంచి ఒక తెల్లటి చెయ్యి పడ్డాయట. "మీరు తీసుకోండి" అంటే "మీరు తీసుకోండి" అనుకున్నారట. చివరికి ప్యాకెట్ చెరిసగం చేసుకుని, శుక్రవారం భోజనానికి రమ్మని పిలిచి వచ్చింది. ఎవరు కనబడినా భోజనానికి పిలవడం మా ఆవిడ బలహీనత కాదు. అది ఆవిడ విదేశాంగ విధానం.

ఆమెది హాలండ్. భర్త సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఇంజనీరు. ఆమె సీబ్‌లో పిల్లలకు ఈత నేర్పుతుంది. శుక్రవారం వచ్చింది. నేత చీర, మెళ్ళో తులసి పూసలు, నుదుటిమీద గోపీచందనం, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుడ్డ తొడిగిన మట్టి మృదంగం. ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే మా హాల్లో భజన ఆగిపోయింది. అందరూ తువ్వాళ్ళు సర్దుకున్నారు. ఇద్దరు లేచి నిలబడ్డారు. ఎందుకంటే సైట్‌లో తెల్లమనిషి వచ్చిందంటే కన్సల్టెంట్ వచ్చినట్టు. కన్సల్టెంట్ వచ్చిందంటే కట్టింది విప్పి మళ్ళీ కట్టాలి.

"సారూ, ఇన్‌స్పెక్షనా?" అని పెద్దాయన నా చెవిలో అడిగాడు.

"కాదు పెద్దయ్యా, భోజనానికొచ్చింది."

"మరి డోలెందుకు?"

ఆ ప్రశ్నకు ఆమే జవాబు చెప్పింది. కూర్చుని, గుడ్డ తీసి, ఒళ్ళో పెట్టుకుని నాలుగు దెబ్బలు వేసింది. పెద్దాయన కళ్ళు చిన్నవి చేసి విన్నాడు. సైట్‌లో చెక్క ఎండిందో లేదో తట్టి చూసే మొహం అది. "చెయ్యి మంచిదే" అన్నాడు. జగిత్యాల లెక్కలో అది పద్మశ్రీ.

ఆవేళ భోజనాల దగ్గర అడిగాను, ఈ దారి ఎలా పట్టావని. నేను ఏదో తత్వం వస్తుందని సిద్ధపడ్డాను. చదువుకునే రోజుల్లో మా ఊరి బజారులో ఎర్రటి మొహాల దొరలు ధోవతులు కట్టి, ఎగురుతూ నామం చెబుతూ పోతుంటే చూశాను. బెంగాల్లో పుట్టిన కీర్తన సముద్రాలు దాటి, అక్కడివాళ్ళ నోళ్ళలో నాని, మళ్ళీ మన బజారుకు రావడం అప్పట్లో నాకు ఒకరకం ఎగుమతి వ్యాపారంలా కనబడింది. వాళ్ళందరూ జీవితం మీద విరక్తి పుట్టినవాళ్ళని మా హాస్టల్లో ఒక సిద్ధాంతం ఉండేది.

ఆమె మాత్రం, "చలేసింది" అంది.

వాళ్ళ ఊరి కూడలిలో వాన పడుతోందట. ఒక టెంట్ కింద నలుగురు కీర్తన చేస్తూ, వేడివేడి రవ్వకేసరి ఊరికే పెడుతున్నారట. వాన తగ్గేదాకా ఉందామని దూరింది. వాన తగ్గింది గానీ ఈమె బయటికి రాలేదు. మృదంగం నేర్పినాయన సైకిళ్ళు బాగుచేసేవాడట. ఆయన ఇండియా ఎప్పుడూ చూడలేదు. ప్రతి శనివారం ఆ కూడలిలో నిలబడి పాడేవాళ్ళట. ముగ్గురో నలుగురో. ఒకసారి మంచు పడితే తనూ, ఆ సైకిళ్ళాయనా ఇద్దరే మిగిలారట.

"వినడానికి ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

"ఒక కుక్క."

"చివరిదాకా ఉందా?"

"మధ్యలో వెళ్ళిపోయింది. మేం ఆపలేదు."

ఇది ఆమె జోక్‌గా చెప్పలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పి, పప్పు ఇంకొంచెం వేయించుకుంది.

అలా ప్రతి శుక్రవారం వచ్చేది. మృదంగం వరకు ఇబ్బంది లేదు. చిక్కు నామం దగ్గర వచ్చింది. మనవైపు ఏకాహమైనా సప్తాహమైనా "హరే రామ" ముందు, "హరే కృష్ణ" తర్వాత. వాళ్ళు నేర్చుకున్నదాంట్లో కృష్ణుడు ముందు, రాముడు తర్వాత. ఒకరోజు ఆమెకు ముందు పాడే అవకాశమిస్తే, ఆమె కృష్ణుడితో ఎత్తుకుంది. వెనక అందుకునేవాళ్ళలో సగంమంది రాముణ్ణి అందుకున్నారు. ఇద్దరు దేవుళ్ళూ గుమ్మంలో ఒకేసారి ఇరుక్కున్నట్టయింది.

పెద్దాయన తాళాలు ఆపి హిందీలో చెప్పాడు. గల్ఫ్ హిందీ అది, ఏ వ్యాకరణానికీ బాకీ లేదు. "అమ్మా, రాముడు ముందుగాల పుట్టిండు. కిష్నుడు తర్వాత. సీనియర్‌ను ముందట నిలబెట్టాలె గదా."

"నాకు నేర్పినవాళ్ళు ఇలా నేర్పారు" అందామె, ఆమె కూడా హిందీలోనే. బృందావనంలో కొన్నాళ్ళుండి నేర్చుకున్నది. "మా ఊళ్ళో ఇలాగే పాడతాం."

"మీ ఊర్ల మీరు పాడుకోర్రి. ఈడ గిట్లనే."

ఆమె సరేనంది. కోపం లేదు, వాదన లేదు, మార్చుకోవడమూ లేదు. ఆరోజు నుంచి ముందు పాడమని ఎవరూ అడగలేదు, ఆమే ఎత్తుకోలేదు. పక్కన కూర్చుని డోలు వాయించేది. ఇలా నెలలు గడిచాయి.

ఇంతలో పెద్దాయనకు కంపెనీ వీసా క్యాన్సిల్ చేసింది. వయసైపోయింది, కొత్త ప్రాజెక్టు లేదు, ఖలాస్. మంగళవారం ఫ్లైట్ అని టికెట్ చేతిలో పెట్టారు. ఆ వార్త చెప్పడానికి మా ఇంటికొచ్చి, టీ తాగి, కప్పు కింద పెట్టి, కూర్చునే ఉన్నాడు. ఏదో ఉందని మా ఆవిడ కనిపెట్టింది.

"ఏంటి పెద్దయ్యా?"

"ఒక మొక్కున్నదమ్మా. తీర్చకుండ పోతున్న."

చాన్నాళ్ళ కిందటి మాట. ఆయన కూతురికి నెలలు నిండకుండా కాన్పయింది. పిల్లగాడు అరచేతిలో పట్టేంత ఉన్నాడని ఫోనొచ్చింది. ఈయన సైట్‌లో ఉన్నాడు, సెలవు లేదు. వాటర్ ట్యాంకర్ వెనక్కి పోయి, ఇసకలో కూర్చుని మొక్కాడట, పిల్లగాడు బతికితే ఏకాహం చేస్తానని. ఏకాహమంటే ఒక పగలూ ఒక రాత్రీ దీపం ఆరకుండా, నామం తెగకుండా పాడటం. పిల్లగాడు బతికాడు. ఇప్పుడు బడికి పోతూ టీచర్లను ఏడిపిస్తున్నాడట. మొక్కు మాత్రం అలాగే ఉంది. ఒక ఏడు చోటు లేదు, ఒక ఏడు మనుషుల్లేరు, ఒక ఏడు సైట్ ఎడారిలోకి మారింది.

"ఊళ్ళో చేసుకోవచ్చు కదా పెద్దయ్యా? అక్కడ మనుషులుంటారు, మైకులుంటాయి" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. సేఫ్టీ హెల్మెట్ ఎందుకని అడిగినవాణ్ణి నేను చూసే చూపు అది. "మొక్కింది ఈడ సారూ."

"అయితే ఇక్కడే" అంది మా ఆవిడ. నా హాలు గురించి నన్నెవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

గురువారం డ్యూటీ దిగగానే వచ్చేశారు. సూర్యాస్తమయం నుంచి మళ్ళీ సూర్యాస్తమయం దాకా. సైట్‌లో మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కలతో పెద్దాయన చిన్న మండపం కట్టుకొచ్చాడు. మేకు తల ఎక్కడా కనబడదు. మధ్యలో దీపం, పక్కన రాముడి పటం, కృష్ణుడి పటం. సీనియారిటీ ప్రకారమే పెట్టారు. నియమం ఒక్కటే. ఒకరు నామం ఎత్తాలి, ఒకరైనా అందుకోవాలి. తాళాలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయేటప్పుడు, ఇచ్చేవాడు ఆపకముందే తీసుకునేవాడు మొదలుపెట్టాలి. డ్యూటీ మార్పిడి లాంటిది. ఒక్క ఊపిరి ఖాళీ వచ్చినా తెగినట్టే. తెగితే మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ మొదట్నుంచి అంటే ఇంకో గురువారం కావాలి. పెద్దాయనకు ఇంకో గురువారం లేదు.

వీధిలోకి వినబడకూడదన్నది మాకు మేం పెట్టుకున్న కట్టు. తలుపులు వేసి, కిటికీలకు దుప్పట్లు కట్టాం. రాత్రి గడవడం కష్టమేమీ కాలేదు. ఏకాహాల్లో రాత్రికెప్పుడూ వాలంటీర్లు ఎక్కువే. పోటీలు పడి, ఎగిరి, గొంతులు చించుకుని పాడారు. తెల్లారేసరికి సగంమందికి మాట రావడం లేదు. హాలండ్ ఆమె మాత్రం ఒకే మూల, ఒకే మఠం వేసుకుని, ఒకే తీరున వాయిస్తోంది.

పొద్దున టిఫిన్ల వేళ పెద్దాయన ఫోన్ మోగింది. ఆయన తాళాలు పక్కవాడికిచ్చి బయటికి వచ్చాడు. నేనూ వెనకే వెళ్ళాను.

ఇంకో బ్యాచ్ వాళ్ళు పొద్దున్నే ఒక గోడకు కాంక్రీటు పోస్తున్నారట. షట్టరింగ్ ఉబ్బింది. అంటే లోపలి బరువుకు చెక్కలు బయటికి తోసుకొస్తున్నాయి. మనుషులు కావాలి, అందరూ కావాలి, క్యాంప్ బస్సు మా వీధి మలుపులో ఉంది. శుక్రవారమైనా సరే, డ్యూటీ.

"మీరు పోనక్కర్లేదు పెద్దయ్యా. మీది క్యాన్సిల్ అయిపోయింది కదా" అన్నాను.

"గది నేను కొట్టిన షట్టరింగే సారూ."

ఉబ్బిన షట్టరింగ్ కింద ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఫొటోలు చూపించి క్లాసులు చెప్పేది నేనే. దాని కింద ఉన్న మనుషుల కోసం, నా ఉద్యోగధర్మం ప్రకారం ఆయన్ని పంపాలి. మా హాల్లో దీపం ప్రకారం ఆపాలి. నేను ఈ రెండూ చేయకుండా గేటు తీశాను.

గుమ్మం బయట ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. ఎవరి కాలికి ఏది దొరికితే అది. ఎప్పుడూ నన్ను ఏడిపించే ఆ నల్ల గుట్ట చూస్తుండగానే కరిగిపోయింది. లోపల నామం పలచబడుతోంది. పది గొంతులు ఆరయ్యాయి, ఆరు మూడయ్యాయి. చివరికి, లోపలికి తిరిగెళ్ళిన పెద్దాయన ఒక్కడే తాళాలు పట్టుకుని దీపం ముందు నిలబడి ఎత్తుతున్నాడు, మూలనుంచి ఆమె అందుకుంటోంది. బయట డ్రైవర్ హారన్ కొట్టాడు.

పెద్దాయన నావైపు చూశాడు. నా గొంతు సంగతి ఆయనకు తెలుసు. మా ఆవిడ వంటింట్లో, నలభైమందికి పులిహోర కలుపుతోంది. అప్పుడాయన పాడుతూనే మూలనున్న హాలండ్ ఆమె దగ్గరికి నడిచాడు. పాడుతూనే వంగాడు. ఆమె మృదంగం పక్కన పెట్టి, "కృష్ణ కృష్ణ" అన్నచోట గొంతు కలిపింది. రెండు చేతుల్లోంచి రెండు చేతుల్లోకి తాళాలు మారాయి. చప్పుడు ఆగలేదు. ఆయన అలాగే వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాటి, దొరికిన చెప్పులు వేసుకుని పోయాడు.

గుమ్మం బయట ఆమె చెప్పులు మాత్రం మిగిలాయి. పెద్ద తోలు చెప్పులు, పడవల్లాంటివి. పక్కనే ఒక చిన్న జత, అప్పుడే వచ్చిన కడపామెవి.

కడపామె మా వెనకవీధిలో ఒక ఒమానీ ఇంట్లో పనిచేస్తుంది. పెళుసు మనిషి. శుక్రవారం పూట రెండు గంటలు బయటికొచ్చే అనుమతి ఆమె నెలల తరబడి గీచిగీచి సాధించుకున్నది. ఆమే కూర్చుని అందుకోవడం మొదలుపెట్టింది. మంచి గొంతు. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి ఆమె ఫోన్ మోగింది. వాళ్ళ మేడమ్. చుట్టాలొచ్చారట.

ఆమె లేస్తూ నా భుజం మీద తట్టింది. "ల్యా సార్, ముందుకొచ్చి కూసో. గోడ పడిపోదులే, నువ్వు ఆనుకోకపోయినా."

"నాకు పాడటం రాదమ్మా."

"రాకపోతే అరిచెయ్. యాడికని పోతావు, నీ ఇంట్లోనుంచి?"

ఇది తర్కం. నేను ముందుకొచ్చి కూర్చున్నాను.

తర్వాత జరిగినదాన్ని గానం అనలేను. హాలండ్ ఆమె ఎత్తుతుంది, నేను అందుకుంటాను. మొదట్లో నాకు రెండు మూడు ఆవృత్తులకే ఆయాసం వచ్చింది. పాడుతూనే ఆమె నన్ను గమనించింది. తన పక్కటెముకల మీద చెయ్యి పెట్టి, ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ వదలాలో వేలితో చూపించింది. నీళ్ళంటే భయపడే పిల్లాడికి చూపించినట్టే. ఆమె పాడినంత నెమ్మదిగా ఎవరూ రాత్రి పాడలేదు. ఎక్కడా పరుగు లేదు. చాలాదూరం నడవాల్సినవాళ్ళు నడిచినట్టు పాడింది. నాకప్పుడు ఆ కుక్క గుర్తొచ్చింది. మనకు భజనంటే జనం. పదిమంది ఉంటే మనలో దేవుడు పూనుతాడు, ఇద్దరే ఉంటే వాచీ చూసుకుంటాం. ఈమె మాత్రం ఇద్దరితోనే నేర్చుకుంది, మంచులో, వినేవాళ్ళు లేనిచోట. కీర్తన ఇక్కడినుంచి అంతదూరం పోయి ఏం సంపాదించుకుందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఇదొక్కటే: ఖాళీ బజారులో పాడటం నేర్చుకుంది. ఆ విద్య మన దగ్గర లేదు. ఎప్పుడూ అవసరం రాలేదు.

ఇంకోటి కూడా తెలిసింది. ఎంతసేపు గడిచిందో తెలియదు, ముందు రాముడా కృష్ణుడా అని చూద్దామనుకున్నాను. దొరకలేదు. ఆపకుండా పాడుతుంటే ఏది మొదలు, ఏది చివర? రాముడి వెనక కృష్ణుడు, కృష్ణుడి వెనక రాముడు. నెలల తరబడి సీనియారిటీ పంతం పట్టిన రెండు పక్షాలవారూ ఒక్కసారి కూడా ఆగకుండా పాడి చూసినట్టు లేదు. దీన్ని వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది. చెబితే నామం తెగుతుంది. నా జీవితంలో ఒక మంచి మాట తోచి, దాన్ని చెప్పకుండా అంతసేపు ఉండటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం వీధి చివర మసీదులో జుమా నమాజు మొదలైంది. మైకులో ప్రసంగం వినబడుతోంది. దుప్పటి సందులోంచి చూస్తే వీధంతా తెల్లటి దిష్‌దాషాలు, ఒమానీల పొడుగు చొక్కాలు, నడుస్తున్నాయి. ఆమె చెయ్యి ఎత్తి కిందికి దించింది. గొంతు దించమని. దించాం. ఇంకా దించింది. చివరికి ఒకరి మాట ఒకరికి మాత్రమే వినబడేంత. తాళాలు ఒకదానికొకటి తాకీ తాకనట్టు. వాళ్ళ ప్రార్థన మీద మా చప్పుడు పడకూడదు, మా నామం ఆగకూడదు. గట్టిగా పాడటం కంటే అలా పాడటమే కష్టం. పెదాలు ఎండిపోతాయి, నిద్ర ముంచుకొస్తుంది. నా తల ఒకసారి ముందుకు వాలింది. కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ నా పక్కన కూర్చుని, చేతికి పసుపుతో, అందుకుంటోంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. "నీళ్ళు తాగండి" అని కళ్ళతో చెప్పింది. తాగాను. పులిహోర వాసన వేస్తోంది. హాలండ్ ఆమె మాత్రం నీళ్ళు కూడా మేం అందుకునే వంతులోనే రెండేసి గుక్కలు తాగి, తన వంతుకు సిద్ధంగా ఉండేది.

ఎండ గోడ దిగుతున్నప్పుడు బస్సు వచ్చింది. చెప్పులు విడిచే చప్పుడు వినబడింది గానీ మాటలు వినబడలేదు. పెద్దాయన గుమ్మంలో ఆగిపోయాడు. జుట్టు నిండా సిమెంటు, మోచేతిమీద గీరుకున్న గాయం. లోపలికి చెవి పెట్టి విన్నాడు. ఆమె గొంతు అప్పటికి గొంతులా లేదు. గరుకు కాగితం మీద గోరు లాగినట్టుంది. కానీ నడుస్తోంది.

ఆయన గుమ్మం పక్క నల్లా కింద కాళ్ళు కడుక్కున్నాడు. మొహం కడుక్కున్నాడు. కడుక్కుంటూ చాలాసేపు మొహం మీంచి చేతులు తీయలేదు. నేను చూడనట్టు అందుకుంటూనే ఉన్నాను.

లోపలికొచ్చాక ఆయన తాళాలు అడుగుతాడని అనుకున్నాను. ఆమె కూడా ఇవ్వడానికి చేతులు కొంచెం ముందుకు చాపింది. ఆయన తీసుకోలేదు. నా పక్కన, అందుకునేవాళ్ళ వరుసలో కూర్చున్నాడు. ఆమె ఎత్తింది. ఆయన అందుకున్నాడు. సీనియర్ ఎవరో, జూనియర్ ఎవరో ఆయన లెక్కపెట్టినట్టు నాకనిపించలేదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. హాలు నిండింది. పొద్దు గూకింది. హారతి ఇచ్చారు.

"గోడ నిలబడిందా పెద్దయ్యా?" అని అడిగాను, నామం ముగిశాక నేనన్న మొట్టమొదటి మాటగా.

"నిలబడ్డది. ఎవ్వనికి దెబ్బ తాకలే." ఆయన దీపం వైపు చూశాడు. "ఇదీ నిలబడ్డది."

పులిహోర వడ్డించారు. కడపామె కూడా వచ్చింది, గిన్నెలు కడిగిన చేతులు ఇంకా ఆరలేదు. తనవంతు డబ్బాలో పెట్టించుకుని పోదామని. అందరూ హాలండ్ ఆమె చుట్టూ చేరారు. ఒకరు మజ్జిగ ఇస్తారు, ఒకరు దిండు తెస్తారు, ఒకరు ఫ్యాన్ తిప్పుతారు. ఆమె చేత్తోనే అన్నిటికీ వద్దు వద్దంటోంది. మాట రావడం లేదు. నా ఆవృత్తుల సిద్ధాంతం చెప్పడానికి ఇదే సమయమనుకుని నోరు తెరిచాను. మిగిలిన గొంతు ఆ ఒక్క ప్రశ్నకే అయిపోయినట్టుంది, నాకూ మాట రాలేదు. ప్రపంచానికి నష్టమేమీ జరగలేదు.

అప్పుడు పెద్దాయన తాళాలు తీసుకుని, ఎర్రదారం ముడి సరిచూసి, తన తువ్వాల్లో చుట్టి, ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె తిరిగి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. హాల్లో వడ్డన ఆగింది. ఆ తాళాలు ఎవరికి దక్కుతాయా అని టికెట్ వచ్చినప్పట్నుంచీ రూముల్లో చర్చ నడుస్తున్న సంగతి నాకు కూడా తెలుసు.

"మనోళ్ళల్ల ఎవ్వలు దొరకలేదా పెద్దయ్యా?" అన్నాడొక స్టీల్ ఫిక్సర్, ఇనప చువ్వలు కట్టేవాడు, విస్తరి మీంచి తల ఎత్తకుండా.

"బస్సొస్తే మీరెక్కిన్రు. నేను గూడ ఎక్కిన. మొక్కు నాదే, అయినా ఎక్కిన" అన్నాడు పెద్దాయన. "ఆమె ఎక్కలే."

ఆమె ఏమన్నారని నావైపు చూస్తోంది. దాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చాలా అని నేను వెతుక్కుంటున్నాను. గుమ్మం దగ్గర కడపామె డబ్బా మూత బిగించి, ఉన్న చెప్పుల్లో తనవి కాలితో వెతుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఆయమ్మకు మన మాదిరి బస్సు ఎవురు పంపిస్తారు పెద్దాయనా?"